గుత్తి కోటలో నీళ్లు, ఖాలా ఫోనులో నంబరు



గుత్తి కోట గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. కూర్చున్న ప్రతిసారీ మా ఖాలా గుర్తొచ్చి కలం ఆగిపోతోంది. కోటకీ ఖాలాకీ ఏం తాల్లూక్ అంటారా? ఉంది. నిదానంగా చెబుతా.

మా ఖాలా గుంతకల్లులో ఉంటుంది. ఖాలూ రైల్వేలో పనిచేసి ఇంతికాల్ అయిపోయాడు. ఆయన పెన్షన్ వస్తుంది. కొడుకు కువైట్‌లో డ్రైవర్. రెండేళ్ల కింద ఒకరోజు జొహర్ నమాజ్ చదువుకుని కూర్చుంటే ఫోనొచ్చింది. పెన్షన్ ఆగిపోతుంది, ఖాతా సరిచేస్తున్నాం, ఫోనుకు ఒక నంబరు వచ్చింది చూడమ్మా, అది చెప్పు అన్నాడంట. మంచి తెలుగులో, మర్యాదగా. ఖాలా చెప్పింది. 11,400 రూపాయలు పోయాయి.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. బయటపడ్డాక ఖాందాన్ అంతా చేరి ఆమె మీద అరిచాం. అందరికంటే ఎక్కువ అరిచింది నేను. చదువుకున్నోణ్ణి కదా! "ఎవడో అడిగితే చెప్పేస్తావా ఖాలా, అంత అఖల్ లేదా?" అన్నా. ఆమె తల వంచుకుని ఒకే మాట అనింది: "నాకు మీరెప్పుడన్నా చెప్పినారా బేటా?"

ఆ రోజు నుంచి ఆమె ఫోను ఎత్తడం మానేసింది. కొత్త నంబరు కనబడితే ఫోను బోర్లా పెట్టేస్తుంది. కొడుకు కువైట్‌లో సిమ్ మార్చి చేసినా ఎత్తదు. నెలలో నాలుగుసార్లు మాట్లాడుకునే తల్లీకొడుకులు నెలల తరబడి మాట్లాడుకోలేదు. పోయిన పైసల కన్నా ఇదే నన్ను ఎక్కువ తిన్నది. అప్పుడు ఈ సమాచార భద్రత అనే ఇల్మ్ ఏమిటో తెలుసుకుందామని దొరికిందల్లా చదివా. చదివే కొద్దీ నా కళ్ల ముందు నిలబడింది కంప్యూటర్ కాదు, గుత్తి కోట.

దస్తర్‌ఖాన్ మీద జారిన మాట

హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీద, అనంతపురం ఇంకా రాకముందే, ఎర్రమట్టి మైదానంలోంచి ఒక్కసారిగా లేచిన రాతి కొండ కనబడుతుంది. అదే గుత్తి. చుట్టూ నేల మీద నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తు. గోడ వెనక గోడ, దర్వాజా వెనక దర్వాజా. ఒక దర్వాజా పగిలితే ఇంకొకటి ఎదురొస్తుంది. పైన కొండ అంచున మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం ఉంది. అక్కడ నిలబడితే చుట్టుపక్కల నేలంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది.

మురారిరావు ఘోర్పడే మామూలు సర్దార్ కాదు. దక్కన్‌లో, కర్ణాటకంలో ఎవరి జంగ్ అయినా అతని గుర్రాలు ఎటు నిలబడతాయో అందరూ చూసేవాళ్లు. 1775లో హైదర్ అలీ ఫౌజ్ గుత్తి మీదికి వచ్చింది. హైదర్ అంటే మన ఇళ్లలో ఫఖర్. చదువు రాకపోయినా సల్తనత్ కట్టినవాడు. నాకూ ఫఖరే. కానీ ఈ ఖిస్సాను ఎవరి తరఫునా వకాలత్ పుచ్చుకోకుండా చెప్పాలి.

కోటను ఫిరంగులు గెలవలేదు. దాహం గెలిచింది. మన జిల్లాలో ఏటా సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల.  రాతిలో తొలిచిన గుంతల్లో వానకాలం నిల్వ చేసుకున్న నీళ్లే జిందగీ. ముట్టడి సాగేసరికి ఆ గుంతలు అడుగంటాయి. మురారిరావు సులహ్ కోసం కబురు పంపాడు. షరతులు కుదిరాయి. చెల్లించాల్సిన సొమ్ముకు జామీనుగా కోట తరఫున ఒక నవయువకుణ్ణి హైదర్ శిబిరానికి పంపారు.

తర్వాత జరిగింది మార్క్ విల్క్స్ రాసిన మైసూరు చరిత్రలో వస్తుంది. హైదర్ ఆ కుర్రాణ్ణి బందీలా చూడలేదు. మెహమాన్‌లా భోజనానికి కూర్చోబెట్టాడు, మాటల్లో పెట్టాడు. కుర్రాడు తమవాళ్ల బహాదురీ చెప్పుకుంటూ, నీళ్లు లేక గానీ లేకపోతే మేం లొంగేవాళ్లమా అన్నాడు. కోటలో ఇంకెన్నాళ్లకు నీళ్లున్నాయో కూడా ఆ మాటల్లోనే బయటపడింది. అంతే. హైదర్‌కు కావలసింది దొరికింది. సులహ్ మాట పక్కకు పోయింది, పహరా బిగిసింది. షరతుల మీద దిగాల్సిన మురారిరావు 1776లో ఏ షరతూ లేకుండా దిగివచ్చాడు. అతన్ని శ్రీరంగపట్నానికి, అక్కణ్నుంచి కబ్బాళదుర్గానికి పంపారు. అక్కడే పోయాడు.

ఎవరూ గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. హైదర్ చేసింది ఒకటే: అడగాల్సిన మనిషిని, అడగాల్సిన వేళ, ఇజ్జత్‌తో అడిగాడు. ఖాలాకు ఫోన్ చేసినవాడు చేసింది కూడా ఇదే. ఇవ్వాళ దీనికి సైబర్ పోలీసులు పెద్ద పెద్ద పేర్లు పెడుతున్నారు. పని మాత్రం దస్తర్‌ఖాన్ అంత పాతది.

తప్పు కుర్రాడిదేనా?

ఈ ఖిస్సా చెబితే విన్నవాళ్లు ముందు అనేది, "ఆ పిల్లోడు నోరు మూసుకుని ఉంటే పోయేది కదా" అని. మేమూ ఖాలాను అదే అన్నాం. కాసేపు ఆగి ఆలోచించండి.

నీళ్ల హిసాబ్ తెలిసిన మనిషిని దుష్మన్ శిబిరానికి ఎందుకు పంపారు? ఆ హిసాబ్ ఆ పిల్లవాడికి తెలియాల్సిన జరూరత్ ఏముంది? కంప్యూటర్ భద్రత చదివేవాళ్లు మొదట నేర్చుకునే ఉసూల్ ఇదే. ఎవరికి ఎంత పనో వాళ్లకు అంత మాత్రమే తెలియాలి, అంతవరకే చేయి చాపగలగాలి. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్లలో సమాచారాన్ని కాపాడటం మీద ఒక వ్యాసం రాశారు. అందులో ఎనిమిది ఉసూళ్లు చెప్పారు. యాభై ఏళ్లయినా పాఠ్యపుస్తకాలు వాటినే తిరగేసి చెబుతున్నాయి. అవసరానికి మించి అధికారం ఇవ్వొద్దనేది వాటిలో ఒకటి. పెద్ద పనికి ఒక్క చాబీ చాలకూడదు, ఇద్దరి దగ్గరున్న రెండు చాబీలు కలిస్తేనే తెరుచుకోవాలనేది ఇంకొకటి. నాకు బాగా నచ్చింది చివర్లో ఉంది. కాపాడే పద్ధతి వాడే మనిషికి సులువుగా ఉండాలి, లేకపోతే మనిషి దాన్ని తప్పుగా వాడతాడు. అంటే మనిషి తడబడతాడని ముందే ఒప్పుకుని తాళం చేయాలి. తడబడ్డాక మనిషిని తిట్టడం తాళం చేసినవాడి పని కాదు.

ఇక గుత్తి చెప్పే ఇంకో సంగతి. భద్రత అంటే మనం రాజ్ దాచడం అనే అనుకుంటాం. చదువుకున్నవాళ్లు మూడు కాళ్లు చెబుతారు. ఒకటి రాజ్‌దారీ: తెలియకూడని వాళ్లకు తెలియకపోవడం. రెండోది సలామతీ: పెట్టింది పెట్టినట్టు, మధ్యలో ఎవరూ మార్చకుండా ఉండటం. మూడోది దొరకడం: కావలసిన వేళ కావలసిన మనిషికి అందడం. మూడో కాలును అందరూ మరచిపోతారు. గుత్తి గోడలు ఎవరినీ లోపలికి రానీయలేదు, నిజమే. నీళ్లనూ రానీయలేదు. ఎంత గట్టిగా మూసినా లోపలివాళ్లకు గుక్కెడు నీళ్లు దొరక్కపోతే అది కోట కాదు, ఖైద్.

మా ఖాలా ఫోను బోర్లా పెట్టి కూర్చున్నది కూడా అలాంటి కోటలోనే. దొంగ ఇక ఆమెను మోసం చేయలేడు. కొడుకూ ఆమెను పలకరించలేడు.

మొహర్, సనద్, అల్ కిందీ

ఈ ఇల్మ్ ఎక్కణ్నుంచో వచ్చింది, మనకేం తెలుసు అనుకునే మన పిల్లల కోసం ఈ భాగం.

ప్రవక్త ముహమ్మద్ (స) రూమ్ పాలకుడికి ఖత్ పంపాలనుకున్నప్పుడు, మొహర్ లేని ఖత్‌ను అక్కడివాళ్లు చదవరని సహాబాలు చెప్పారు. అప్పుడు వెండి ఉంగరం చేయించారు, దాని మీద తన పేరు చెక్కించారు. హదీసుల్లో ఉన్న మాట ఇది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ అక్షరాలను ఇంకెవరూ తమ ఉంగరం మీద చెక్కించుకోవద్దన్నారు. ఎందుకో ఆలోచించండి. మొహర్ పని రాజ్ దాచడం కాదు. ఈ ఖత్ ఫలానా వారి దగ్గర నుంచే వచ్చింది, మధ్యలో ఎవరూ తెరవలేదు అని గవాహీ చెప్పడం. అలాంటి మొహర్లు రెండుంటే ఆ గవాహీకి విలువ పోతుంది. ఇవాళ బ్యాంకు యాప్ తెరిచినప్పుడు తెర వెనక జరిగేది ఇదే. మనం మాట్లాడుతున్నది నిజంగా బ్యాంకు కంప్యూటర్‌తోనేనా అని మన ఫోను అవతలి మొహర్ చూస్తుంది.

సూరహ్ బఖరాలో ఖురాన్‌లోకెల్లా పొడవైన ఆయత్ ఉంది, 282వది. అది అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కాగజ్ రాయడం గురించి. రాసేవాడు వేరేగా ఉండాలి, బాకీదారు చెబుతుంటే రాయాలి, సాక్షులుండాలి, మొత్తం చిన్నదైనా బద్ధకించకూడదు. రేపు ఎవరూ ఇన్కార్ చేయకుండా, ఒక్కడి చేతిలోనే అంతా లేకుండా చేసిన ఏర్పాటు అది. నమ్మకం లేక కాదు, నమ్మకం నిలవాలని.

హదీసుల ఇల్మ్ అయితే మొత్తం దీని మీదే నిలబడింది. మాట ఎంత బాగున్నా ఉలమా ముందు అడిగేది, నీకెవరు చెప్పారు, అతనికెవరు చెప్పారు అని. ఆ సనద్‌లో ఒక్క కడియం తెగినా, ఒక్క రావీ మీద షక్ ఉన్నా హదీస్ జయీఫ్ అవుతుంది. ఇమామ్ బుఖారీ 870లో ఇంతికాల్ అయ్యారు. వెయ్యేళ్లు దాటినా మనం ఆయన మీద అంత భరోసా పెడతాం. ఫోనులో ఎవడో "బ్యాంకు నుంచి" అంటే మాత్రం సనద్ అడగం.

ఆ జమానాలోనే బగ్దాద్‌లో అబూ యూసుఫ్ యాఖూబ్ అల్ కిందీ ఉండేవారు. కూఫాలో పుట్టారు, 873 ప్రాంతంలో పోయారు. ఫల్సఫా, వైద్యం, సంగీతం, అన్నిటి మీదా రాసిన ఆయన రహస్య లిపులను విప్పడం మీద కూడా ఒక రిసాలా రాశారు. ఇస్తాంబుల్ సులేమానియా గ్రంథాలయంలో దాని ప్రతి బయటపడింది. ఆయన చెప్పిన ఉపాయం సులువే. ప్రతి జబాన్‌లో కొన్ని అక్షరాలు ఎక్కువగా వస్తాయి, కొన్ని తక్కువగా. అరబీలో అలిఫ్, లామ్ ఎక్కువ. అర్థంకాని ఖత్‌లో ఏ గుర్తు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టు, అది ఎక్కువగా వచ్చే అక్షరం అయ్యుండొచ్చు. ఒక అక్షరానికి బదులు ఇంకో అక్షరం పెట్టి రాజ్ దాచుకుంటున్న సుల్తానుల తాళాలన్నీ ఈ లెక్కతో ఊడిపోయాయి. తాళం తయారుచేసే ఇల్మ్ పెరగాలంటే, తాళం తీసే ఇల్మ్‌ను కూడా ఖుల్లంఖుల్లా చదవాలని ఆ రిసాలా నేర్పింది.

1883లో అగస్త్ కెర్క్‌హాఫ్స్ అనే పండితుడు ఫ్రాన్స్‌లో ఇంకో ఉసూల్ రాశాడు. తాళం ఎలా చేశారో దుష్మన్‌కు పూర్తిగా తెలిసినా నష్టం లేకుండా ఉండాలి, చాబీ ఒక్కటే రాజ్‌గా ఉంటే చాలాలి. ఈ గజంతో గుత్తిని కొలవండి. గోడలెన్నో దర్వాజాలెన్నో హైదర్ మనుషులకు తెలుసు. అయినా వాళ్లు ఎక్కలేకపోయారు. అది మంచి తాళం. కానీ నీళ్లు తక్కువున్నాయన్న కమ్‌జోరీ దుష్మన్‌కు తెలియదు కదా అన్న ఒక్క ఆశ మీద నిలబడిన రోజే కోట సగం పోయింది. కుర్రాడు మిగతా సగం చెప్పాడు, అంతే.

దీన్నే తిరగేసి 1976లో, గుత్తి పడిన సరిగ్గా రెండొందల ఏళ్లకు, విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే అమెరికన్లు ఒక తాళం ఆలోచించారు. నొక్కితే పడిపోయే తాళం ఉంటుంది కదా, అలాంటిది. నా తాళాలు ఊరంతా పంచుతా. ఎవరైనా పెట్టెలో ఖత్ పెట్టి నా తాళం నొక్కి పంపొచ్చు. తీసే చాబీ మాత్రం నా దగ్గరే. మునుపు చాబీని కూడా ఎవరి చేతనో పంపాల్సి వచ్చేది, దారిలో దొంగ పట్టేవాడు. ఇప్పుడు చాబీ ఇల్లు దాటదు. మనం ఇంటర్‌నెట్‌లో పైసలు పంపగలుగుతున్నామంటే దీని చలవే. అసలు ఈ వల 1969లో మొదలైనప్పుడు కలిసినవి నాలుగే కేంద్రాలు, ఒకరికొకరు తెలిసినవాళ్లు. మన మొహల్లాలో పగలంతా తలుపులు తీసిపెట్టుకున్నట్టే. తర్వాత దునియా అంతా ఆ గల్లీలోకి వచ్చింది. తాళాలు తర్వాత బిగించుకోవాల్సి వచ్చింది.

బండ్లపల్లి పద్దు

ఇదంతా బగ్దాద్, అమెరికా సంగతి అనుకోవద్దు. మన జిల్లా ఈ తారీఖ్‌లో పెద్ద పాత్రే వేసింది.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ కలిసి ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. దేశంలో మొదటి విడత 200 జిల్లాలు, దానికి మొదటి ఊరు మన కరువు సీమలోది. ఆ పథకం పైకి మట్టి పని. లోపల అది ఒక పెద్ద పద్దు. ఎవరు ఎన్ని రోజులు చేశారు, ఎంత రావాలి, ఎవరికి ఇచ్చారు. పద్దు తప్పితే కడుపు కాలుతుంది. మస్టర్ రోల్‌లో చచ్చిపోయినవాళ్ల పేర్లు, వలస పోయినవాళ్ల పేర్లు రాసి పైసలు తినడం పాత వ్యాధి. అంటే పోయింది సలామతీ అనే రెండో కాలు.

దానికి మన రాష్ట్రంలో వాడిన దవా తాళం కాదు, తెరవడం. సామాజిక తనిఖీ పెట్టారు. ఊరందరి ముందూ పద్దు చదవాలి. పేరు చదివితే, "ఆయప్ప పోయి మూడేళ్లాయ కదప్పా" అని ఒక ముసలమ్మ లేచి చెబుతుంది. అంతమంది సాక్షుల ముందు పద్దు మార్చడం కష్టం. బఖరా ఆయత్‌లోని సాక్షులు గ్రామసభలో కూర్చున్నట్టు నాకనిపిస్తుంది.

తర్వాత స్మార్ట్‌కార్డులు వచ్చాయి. కూలీ వేలిముద్ర తీసుకుని, ఊళ్లోనే ఉండే ఒక మహిళ చేతిలోని యంత్రం మీద వేలు పెడితే డబ్బులు ఇచ్చే పద్ధతి. అనంతపురంతో కలిపి ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో కార్తిక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ దీన్ని పరీక్షించి 2016లో ఫలితాలు అచ్చువేశారు. కూలి త్వరగా అందింది, మధ్యలో తినడం తగ్గింది, కూలీల్లో చాలామంది పాతదానికన్నా ఇదే మేలన్నారు. అయితే రెండేళ్లయినా సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. కార్డు లేనివాళ్లకు పాత పద్ధతి మూసేయలేదు. వేలు పడకపోతే కూలి లేదు అనలేదు. నా దృష్టిలో ఆ పద్ధతి నడవడానికి ఈ మెతకదనం కూడా ఒక కారణం. గడ్డపార పట్టిన వేళ్లు అరిగిపోతాయి, యంత్రానికి కనబడవు. అలాంటి చోట గట్టి తాళం పేదవాడికే పడుతుంది.

తర్వాత 2017 వచ్చింది. ఆ మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్‌నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు, వాటితో కలిపి బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని అంచనా కట్టింది. ఆ నాలుగింట్లో రెండు మన రాష్ట్రానివి. ఒకటి చంద్రన్న బీమా, ఇంకొకటి ఉపాధి హామీ చెల్లింపుల రోజువారీ పద్దు. ఎవరూ దొంగతనంగా తీయలేదు. పారదర్శకత పేరుతో అధికారులే పెట్టారు.

ఇక్కడే బారీక్ ఫరఖ్ ఉంది. ఎవరు ఎన్ని రోజులు పని చేశారో ఊరందరికీ తెలియాలి, అది హఖ్. వాళ్ల ఖాతా నంబరు ఎవరికీ తెలియకూడదు, అది అమానత్. ఒకే కాగజ్ మీద హఖ్‌నూ అమానత్‌నూ కలిపి గోడకు అంటిస్తే, హఖ్ కోసం చేసిన పని ఖయానత్ అవుతుంది. అదే ఏడాది ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది.

మార్చలేని చాబీ

ఈ కాలపు వేలిముద్ర కథ కూడా మన దేశంలోనే మొదలైంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సరంజామా కాంట్రాక్టు మీద ఒక కాంట్రాక్టరు అరచేతి ముద్ర వేయించుకున్నాడు, రేపు ఆ దస్తఖత్ నాది కాదనకుండా. తర్వాత లక్షల ముద్రల్లో కావలసినదాన్ని వెతికే లెక్క కావాల్సి వచ్చింది. ఆ లెక్క కట్టడంలో ఖాజీ అజీజుల్ హఖ్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు హిందుస్తానీల కష్టం ఉంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచారు. పద్ధతికి పేరు మాత్రం వాళ్ల అఫ్సర్ ఎడ్వర్డ్ హెన్రీది పడింది. అజీజుల్ హఖ్ పేరు మన పిల్లలకు తెలియాలని రాస్తున్నా.

వేలిముద్ర మొదట మొహర్ లాంటిది, నేనే అని చెప్పే గుర్తు. ఈ జమానాలో దాన్ని చాబీ చేశాం. చిక్కంతా అక్కడుంది. గుర్తు అందరికీ కనబడుతుంది. చాబీ ఎవరికీ కనబడకూడదు. మన వేలిముద్ర గ్లాసు మీద ఉంటుంది, తలుపు మీద ఉంటుంది, పొలం రిజిస్ట్రేషన్ కాగజ్ మీద ఉంటుంది. 2018లో తెలంగాణలో సిమ్ కార్డులు అమ్మే ఒకడు రిజిస్ట్రేషన్ దస్తావేజులను వెబ్‌సైట్ నుంచి దించి, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, ఆ మనుషుల పేర్ల మీద సిమ్‌లు తీశాడు. పోలీసులు పట్టుకున్నారు. ఇలాంటి రబ్బరు వేళ్లతోనే దేశంలో పలుచోట్ల జనం ఖాతాల్లోంచి డబ్బులు తీశారు. పాస్‌వర్డ్ పోతే మారుస్తాం. వేలు పోతే ఏం మారుస్తాం?

మార్చిన వాళ్లు కూడా ఉన్నారు, అది ఇంకా దర్ద్ ఉన్న కథ. 2022లో రాచకొండ పోలీసులు నలుగురిని అరెస్టు చేశారు. కువైట్ వెనక్కి పంపేసిన మనుషులు మళ్లీ పోవడానికి వేలి కొసల చర్మం కోసి, కొంత తీసి, కుట్టి పంపుతున్నారని కేసు. మనిషికి 25,000 రూపాయలు. ఆ పని చేసినవాళ్లు మన పక్క జిల్లా కడప వాళ్లు. నేరం నేరమే, సమర్థించను. కానీ కువైట్ పైసలతో బతికే సీమలో ఉన్న మనకు తెలుసు, వేలు కోయించుకునేదాకా వచ్చినవాడి వెనక ఎండిన చేను ఉంటుంది, అప్పులు ఉంటాయి. తన వేలే తన దారికి అడ్డు నిలబడిన మనిషి వాడు.

మళ్లీ ఖాలా దగ్గరికి

ఇన్ని చదివాక గుంతకల్లు పోయా. ముందు ఖాలాకు మాఫీ చెప్పుకున్నా. తర్వాత ఆమెకు నిషేధాల పెద్ద ఫెహరిస్త్ ఇవ్వలేదు. కోటలో చేయాల్సిన పనులు కొన్ని చేశాం.

పెన్షన్ వచ్చే ఖాతా వేరు, ఫోనులో వాడే ఖాతా వేరు చేశాం. రెండోదానిలో రెండు వేలకు మించి ఉంచం. ఒక దర్వాజా పోతే ఇంకో దర్వాజా ఉండాలి. ఆధార్ యాప్‌లో ఆమె వేలిముద్రలకు తాళం వేశాం. వేలు పెట్టాల్సిన రోజు మా తమ్ముడి కూతురు తీసి మళ్లీ వేస్తుంది. ఫోనుకు వచ్చే నంబరు ఇంటి చాబీ అని, బ్యాంకువాడు నిజంగా బ్యాంకువాడే అయితే మన చాబీ అడగడని ఖాలాకు చెప్పా. డబ్బులు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పటికీ ఉండదని కూడా.

సనద్ కోసం ఒక ఇంటి మాట పెట్టుకున్నాం. కొత్త నంబరు నుంచి కొడుకు చేస్తే ముందు ఆ మాట చెప్పాలి. అది ఏమిటో ఇక్కడ రాయను, మీరు ఏమీ అనుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఏదైనా జరిగితే అదే నిమిషం చెప్పాలి, ఎవరూ అరవం అని అందరం వాదా చేశాం. 1930కి వెంటనే ఫోన్ చేస్తే పైసలు దారిలోనే ఆపే అవకాశం ఉంటుంది. మా ఖాలా రెండు రోజులు దాచింది దొంగకు భయపడి కాదు, మాకు భయపడి. ఆ రెండు రోజుల నష్టం ఖాతా నా మీద ఉంది. మన ఇళ్లలో అమ్మీలు, నానీలు, దాదీలు తప్పు చెప్పుకోవడానికి జంకే వాతావరణం ఉన్నన్నాళ్లు ఏ తాళమూ పనిచేయదు.

గుత్తి కుర్రాడు తర్వాత ఏమయ్యాడో అని అప్పుడప్పుడూ అనుకుంటా. కోట పోగొట్టినవాడని ఎంతమంది తిట్టారో. నీళ్ల లెక్క అతనికి అప్పజెప్పి శత్రువు దస్తర్‌ఖాన్ ముందు కూర్చోబెట్టిన పెద్దలను ఒక్కరైనా అడిగారో లేదో.

మొన్న జుమా రోజు నేను గుంతకల్లులో ఉండగానే ఖాలా ఫోను మోగింది. కొత్త నంబరు. ఆమె నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. ఎత్తి, "కౌన్?" అనింది. కాసేపు విని, నవ్వి, "ఖానా ఖాయా బేటా?" అనింది.

అల్లాహ్ హాఫిజ్.